కాఫీలో కలిసిన పాషాణం: ఓర్ఫిలా గురించి మాట్లాడుకుందామా?

పరీక్షనాళిక
అందరికీ నమస్కారం. నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. ఈ వారం క్లాసులో ఆర్సెనిక్ దగ్గరికి వచ్చాం. పుస్తకంలో ఆర్సెనిక్ విషాన్ని పట్టిచ్చే మార్ష్ పరీక్ష నాలుగు లైన్లలో అయిపోతుంది. ఆ పరీక్షను కోర్టు మెట్లెక్కించిన మనిషి పేరు మాత్రం అందులో లేదు. ఆయన పేరు మాత్యు ఓర్ఫిలా, ఫ్రెంచి శాస్త్రవేత్త. విషశాస్త్రాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టింది ఆయనే.

నాకు బాగా నచ్చే సంగతి ఒకటి చెప్తాను. 1813 ఏప్రిల్, పారిస్. ఓర్ఫిలాకు అప్పటికి ఇంకా 26 నిండుతున్నాయి. ఫీజు తీసుకుని ప్రైవేటుగా కెమిస్ట్రీ క్లాసులు చెప్పుకుంటున్నాడు. ఆ రోజు పాఠం తెల్ల ఆర్సెనిక్. నీళ్ళలో కరిగించి సున్నపు తేట పోస్తే తెల్లటి అవక్షేపం వస్తుంది. అది అందరికీ తెలిసిందే. కాఫీలో కలిపినా ఇలాగే వస్తుంది చూడండి అని పిల్లల ముందే కాఫీ కప్పులో కలిపి సున్నపు తేట పోశాడు. తెల్లటి అవక్షేపం రాలేదు. రంగే వేరుగా వచ్చింది.

ఇంకొకరైతే ఏదో సర్దిచెప్పి తర్వాతి పాఠంలోకి వెళ్ళిపోయేవారు. ఈయన ఇంటికి వెళ్ళి ఒక్కో విషాన్నీ తీసుకుని టీలో, వైన్‌లో, పాలల్లో, మాంసం రసంలో, రక్తంలో కలిపి చూశాడు. పుస్తకాల్లో రాసిన పరీక్షలు చాలావరకు తప్పాయి. అవన్నీ మంచినీళ్ళలో కరిగిన విషానికి పనికొచ్చే పరీక్షలు. మనుషులను చంపాలనుకున్నవాడు మంచినీళ్ళలో కలిపి ఇవ్వడు కదా! కూరలోనో, పానకంలోనో కలుపుతాడు. అంటే అప్పటిదాకా కోర్టుల్లో 'విషం ఉంది', 'లేదు' అని చెప్పిన సాక్ష్యాలకు ఆధారమే లేదన్నమాట. ఆ షాక్‌లోంచి పుట్టిందే ఆయన విషాల గ్రంథం. 1814లో మొదటి భాగం వచ్చింది.

పాతపుస్తకం
మంచి విషయం ఎత్తారు మాస్టారూ. మన భాషలో 'పాషాణం' అంటే రాయి. కానీ ఊళ్ళో పాషాణం అంటే విషమే. తెల్ల పాషాణం అంటే మీరు చెప్పిన తెల్ల ఆర్సెనిక్. గౌరీ పాషాణం అని కూడా అంటారు. పసుపుపచ్చగా ఉండే హరిదళం, ఎర్రగా ఉండే మణిశిల కూడా ఆర్సెనిక్ ఖనిజాలే. మా నాయనమ్మ 'ఎలుకల పాషాణం' అనే మాట వాడేది. పిల్లలం మేము అటకవైపు వెళ్తే ఆమె గొంతు మారిపోయేది.

ఫ్రెంచి వాళ్ళు దీన్ని 'వారసత్వపు పొడి' అనేవాళ్ళట. ఆస్తి కోసం పెద్దవాళ్ళకు పెట్టేవాళ్ళు కాబట్టి. తెల్లగా ఉంటుంది, వాసన ఉండదు, రుచీ పెద్దగా తెలియదు. ఎలుకల కోసమని అడిగితే చాలు, కొట్లో ఇచ్చేసేవాళ్ళు.

మెడికో_గుంటూరు
పైగా లక్షణాలు కూడా దొంగ లక్షణాలే. వాంతులు, విరేచనాలు, కడుపులో మంట, ఒళ్ళు చల్లబడిపోవడం. కలరా అంటే సరిపోతుంది. 1832లో పారిస్‌లో కలరా వచ్చి వేలమంది పోయారు. అలాంటి రోజుల్లో ఒక ఇంట్లో ఒక మనిషి వాంతులతో పోతే ఎవరు అనుమానిస్తారు?

చిన్న సందేహం సార్. ఓర్ఫిలా స్పెయిన్ వాడని ఎక్కడో చదివాను. ఫ్రెంచి శాస్త్రవేత్త అంటున్నారేంటి?

పరీక్షనాళిక
రెండూ నిజమే తమ్ముడూ. 1787 ఏప్రిల్ 24న మినోర్కా దీవిలోని మావోన్‌లో పుట్టాడు. అది స్పెయిన్‌దే. నాన్నకు కొడుకును ఓడల మీద పంపాలని ఉండేది. పదిహేనేళ్ళకే ఓడెక్కాడు, కానీ ఆ పని ఆయనకు పడలేదు. వలెన్సియాలో వైద్యం చదవడానికి చేరాడు. అక్కడి పాఠాలు పాతబడిపోయాయని ఫ్రెంచి కెమిస్టులు లవాజియే, బెర్తొలే పుస్తకాలు సొంతంగా చదువుకున్నాడు. తర్వాత బార్సిలోనా వాళ్ళు స్కాలర్‌షిప్ ఇచ్చి, పారిస్ వెళ్ళి కెమిస్ట్రీ నేర్చుకుని వచ్చి మా దగ్గర చెప్పు అని పంపారు. 1807లో పారిస్ చేరాడు.

మరుసటేడే నెపోలియన్ స్పెయిన్ మీదికి సైన్యాన్ని నడిపాడు. స్కాలర్‌షిప్ ఆగిపోయింది. శత్రుదేశస్థుడని ఓర్ఫిలాకే ప్రమాదం వచ్చింది. అప్పుడు ఆయన గురువు వోక్‌లాఁ హామీ ఉండి కాపాడాడు. క్రోమియాన్ని కనుక్కున్నది ఈ వోక్‌లానే. చేతిలో డబ్బు లేదు, వెనక్కి వెళ్ళే దారి లేదు. ఆ క్లాసులు చెప్పుకోవడం వెనకున్న కథ ఇది. 1811లో వైద్యంలో డాక్టరేట్ వచ్చింది. 1818లో ఫ్రెంచి పౌరసత్వం తీసుకున్నాడు. 1819లో పారిస్ వైద్య కళాశాలలో లీగల్ మెడిసిన్ ప్రొఫెసర్, 1823లో కెమిస్ట్రీ ప్రొఫెసర్, తర్వాత 1848 దాకా డీన్.

గొంతు కూడా గొప్పగా ఉండేదట. పారిస్ పెద్దవాళ్ళ ఇళ్ళల్లో ఆయన పాట వినడానికి జనం చేరేవారు.

విసెరా_డెస్క్
రిటైరైన మనిషిని. విషాల విభాగంలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఓర్ఫిలా పేరు వింటే నాకు గురువు పేరు విన్నట్టే ఉంటుంది. అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపికతో చదవండి.

పేపర్లో రోజూ 'విసెరాను ల్యాబ్‌కు పంపారు' అని చదువుతుంటారు కదా. విసెరా అంటే శవపరీక్షలో తీసిన లోపలి అవయవాలు. పొట్ట ఒక్కటే కాకుండా కాలేయం, కిడ్నీ ఎందుకు పంపుతారో ఎప్పుడైనా ఆలోచించారా? ఓర్ఫిలాకు ముందు విషం కోసం పొట్టలోనూ పేగుల్లోనూ మాత్రమే వెతికేవారు. మనిషి వాంతి చేసుకుని రెండు రోజులు బతికి చనిపోతే పొట్టలో ఏమీ మిగలదు, కేసు అక్కడితో అయిపోయేది. ఆర్సెనిక్ రక్తంలో కలిసి కాలేయం లాంటి అవయవాల్లోకి చేరుతుందని, అక్కడినుంచి దాన్ని బయటికి తీయొచ్చని 1839 ప్రాంతంలో ఆయన రుజువు చేశాడు. ఈ రోజుకీ మేము కాలేయం ముక్క అడగడానికి కారణం ఆ పనే.

రెండోది. మాంసంలో ఉన్న ఆర్సెనిక్‌ను నేరుగా పరీక్షిస్తే కాఫీ కప్పు కథే మళ్ళీ జరుగుతుంది. అందుకని ముందు ఆ మాంసాన్నంతా నైట్రిక్ ఆమ్లంతోనో, సురేకారంతోనో మాడ్చి బొగ్గు చేసేవాడు. సేంద్రియ పదార్థం పోతుంది, ఆర్సెనిక్ మిగులుతుంది. ఆ తర్వాతే మార్ష్ పరీక్ష. పద్ధతులు మారాయి, పరికరాలు మారాయి. కానీ ముందు అడ్డుపడేదాన్ని తొలగించు, తర్వాత వెతుకు అన్న వరస మాత్రం మారలేదు.

మూడోది నా మనసుకు దగ్గరిది. విసెరాను ఉప్పు నిండుగా కరిగించిన నీళ్ళలో పెట్టి పంపుతారు. దానితోపాటు ఒట్టి ఉప్పునీళ్ళు కూడా వేరే సీసాలో పంపాలి. ఆ నీళ్ళలోనే ఏదైనా కలిసి ఉంటే? ముందు దాన్ని పరీక్షించాలి. నా దగ్గరికి ఆ సీసా లేకుండా వచ్చిన ప్రతిసారీ టెన్షన్ పడేవాణ్ణి. ఓర్ఫిలా కూడా మార్ష్ పరీక్షలో వాడే జింకునూ ఆమ్లాన్నీ ముందు ఒట్టిగా నడిపి చూసేవాడు. వాటిల్లోనే ఆర్సెనిక్ ఉండే అవకాశం ఉంది కాబట్టి. చనిపోయిన మనిషి మాట్లాడలేడు, నిందపడ్డ మనిషి మాట ఎవరూ నమ్మరు. మధ్యలో ఉన్నవాడు తన సీసాను తానే అనుమానించాలి.

పాతపుస్తకం
మన వైపు ఈ పని ఎప్పుడు మొదలైందండీ?

విసెరా_డెస్క్
1849లో మద్రాసులో. దేశంలో మొదటి కెమికల్ ఎగ్జామినర్ ల్యాబ్ అదే. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి కదా. ఓర్ఫిలా చనిపోయింది 1853లో. అంటే ఆయన బతికి ఉండగానే ఈ విద్య మన దాకా వచ్చింది.

సీమబిడ్డ
చదువుతూ ఉన్నాను, రాయకూడదనుకుంటూనే రాస్తున్నాను. మా చిన్నమ్మ పెళ్ళైన రెండేళ్ళకు చనిపోయింది. వాంతులు, ఆస్పత్రి, అంతే. రిపోర్టు రావడానికి తొమ్మిది నెలలు పట్టింది. వచ్చాక అందులో 'విషం కనిపించలేదు' అని ఉంది. మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. ఊళ్ళో సగం మంది అటు, సగం మంది ఇటు. 'కనిపించలేదు' అంటే 'లేదు' అనేనా సార్? ఇన్నేళ్ళుగా ఇది ఎవరిని అడగాలో తెలియలేదు.

విసెరా_డెస్క్
అమ్మా, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. జవాబు ఒక్క ముక్కలో చెప్పేది కాదు. రాత్రికి తీరిగ్గా రాస్తాను.

నల్లకోటు
సీమబిడ్డ గారూ, మీ ప్రశ్నకు దగ్గరగా ఉండే కేసు ఓర్ఫిలా జీవితంలోనే ఉంది. లఫార్జ్ కేసు, 1840. నేను క్రిమినల్ వైపు ప్రాక్టీస్ చేస్తాను, ఈ కేసంటే నాకు పిచ్చి.

మరీ కపెల్ అనే పారిస్ అమ్మాయి. వయసు ఇరవై మూడు. పెళ్ళిళ్ళ పేరయ్య లాంటి ఏజెన్సీ ఒకటి ఆమెకు షార్ల్ లఫార్జ్ అనే ఇనుప కర్మాగారం యజమానితో 1839 ఆగస్టులో సంబంధం కుదిర్చింది. కొరెజ్ ప్రాంతంలో పెద్ద భవంతి, బోలెడు ఆస్తి అని చెప్పారు. వెళ్ళి చూస్తే ల గ్లాందియే అనే ఆ చోట ఎలుకలు తిరిగే పాడుబడ్డ మఠం, పీకల దాకా అప్పులు. డిసెంబరులో భర్త పని మీద పారిస్ వెళ్తే ఇంటినుంచి కేకు పంపించింది. తిని జబ్బుపడ్డాడు. ఇంటికొచ్చాక ఇంకా ముదిరింది. ఎలుకల కోసమని ఆమె ఆర్సెనిక్ కొన్నది నిజం. గుడ్డు, పాలు కలిపిన పానీయంలో తెల్లటి పొడి కలుపుతుంటే ఇంట్లో ఉండే ఒకామె చూసింది.  1840 జనవరి 14న షార్ల్ చనిపోయాడు. విషం పెట్టి చంపిందని మరీ మీద కేసు పెట్టారు.

తర్వాతి భాగమే అసలు విషయం. మొదట బ్రీవ్ పట్టణపు వైద్యులు పాత పద్ధతిలో పరీక్ష చేశారు. చేస్తుండగానే గాజు నాళం పగిలిపోయింది. అయినా ఆర్సెనిక్ ఉందన్నారు. మరీ తరఫు లాయరు పయె నేరుగా ఓర్ఫిలా అభిప్రాయం తెప్పించి, ఈ పరీక్ష చెల్లదని వాదించాడు. ఓర్ఫిలా పేరును ముందు కోర్టులోకి తెచ్చింది డిఫెన్సే! తర్వాత లిమోజ్ నగరపు కెమిస్టులు చేస్తే పొట్టలో ఏమీ లేదన్నారు. శవాన్ని తవ్వి తీసి మళ్ళీ చేశారు. అయినా లేదన్నారు. ఇంట్లో దొరికిన పానీయంలో మాత్రం బోలెడు ఆర్సెనిక్. అప్పుడు ప్రాసిక్యూటర్ లేచి, అయితే ఓర్ఫిలానే పిలుద్దాం అన్నాడు. డిఫెన్స్ ఏమని కాదంటుంది?

సెప్టెంబరులో ఓర్ఫిలా విచారణ జరుగుతున్న ట్యూల్ పట్టణానికి వచ్చాడు. కోర్టు భవనంలోనే ఒక గది. తలుపులకు తాళం, బయట కాపలా. ముందు పరీక్ష చేసిన స్థానిక కెమిస్టులను పక్కనే నిలబెట్టుకుని, వాళ్ళు వాడిన రసాయనాలతోనే చేశాడు. మర్నాడు కోర్టులో చెప్పాడు: శరీరంలో ఆర్సెనిక్ ఉంది. అది నేను వాడిన రసాయనాలనుంచి రాలేదు. శవపేటిక చుట్టూ ఉన్న మట్టినుంచి రాలేదు. మనిషి శరీరంలో సహజంగా ఉండే ఆర్సెనిక్ కూడా కాదు. సెప్టెంబరు 19న మరీకి జీవితాంతం కఠిన శిక్ష పడింది. తర్వాత రాజు దాన్ని మామూలు జీవిత ఖైదుగా తగ్గించాడు.

నాలుగు పరీక్షలు, రెండు రకాల జవాబులు. 'కనిపించలేదు' అన్నవాళ్ళు అబద్ధం చెప్పలేదు, వాళ్ళకు కనిపించలేదు, అంతే.

కృష్ణాతీరం
నల్లకోటు గారూ, చాలా బాగా రాశారు. కానీ నేను ఒప్పుకోను. ఓర్ఫిలాకు దొరికింది ఎంత? అర మిల్లీగ్రాము ప్రాంతం. దాని మీద ఒక మనిషి జీవితం! డిఫెన్స్ పిలిపించిన రస్పాయ్ అనే కెమిస్టు వచ్చేసరికే తీర్పు అయిపోయింది. అంత చిన్న మోతాదు ఎక్కడినుంచైనా రావచ్చని ఆయన తర్వాత కూడా వాదిస్తూనే ఉన్నాడు.

ఇంకొకటి. 'సహజంగా ఉండే ఆర్సెనిక్ కాదు' అన్నాడు కదా. మనిషి ఎముకల్లో మామూలుగానే ఆర్సెనిక్ ఉంటుందని కొద్ది ముందే ఓర్ఫిలా, కూయెర్బ్ అనే ఇంకో కెమిస్టు కలిసి ప్రకటించారు. 1841 వచ్చేసరికి ఆ మాట నిలబడలేదు, ఓర్ఫిలా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అంటే ట్యూల్ కోర్టులో బోనెక్కి అంత గట్టిగా చెప్పినప్పుడు, ఆయన సొంత సిద్ధాంతంలోనే తప్పు ఉంది. కాఫీ కప్పు ముందు నిలబడిన 26 ఏళ్ళ కుర్రాడికి ఉన్న అనుమానం, 53 ఏళ్ళ డీన్‌కు ఎక్కడికి పోయింది?

పరీక్షనాళిక
మీ ప్రశ్న నన్ను కుదిపేసింది, ఒప్పుకుంటాను. కానీ ఒకటి ఆలోచించండి. ఎముకల విషయం తప్పని తేలాక దాన్ని పట్టుకుని వేలాడలేదు. అంత పేరున్న మనిషికి అది తేలిక కాదు. పైగా ఆ తప్పు వల్ల మరీకి నష్టం జరగలేదు. శరీరంలో సహజంగా ఆర్సెనిక్ ఉంటుందని నమ్మినందువల్లే ఆయన ఇంకా జాగ్రత్తగా వేరుచేసి చూడాల్సి వచ్చింది. ఈ రోజు పరికరాలతో చూస్తే ప్రతి మనిషిలోనూ లేశమాత్రంగా ఆర్సెనిక్ ఉంటుంది. కాబట్టి అసలు ప్రశ్న 'ఉందా' అన్నది కాదు, 'ఎంత ఉంది' అన్నది.

నల్లకోటు
ఆ 'ఎంత' దగ్గరే నేను కృష్ణాతీరం గారి పక్షం. మన సుప్రీంకోర్టు 1984లో శరద్ బిర్ధీచంద్ సర్దా కేసులో విషప్రయోగానికి నాలుగు విషయాలు రుజువు కావాలంది: నిందితుడికి బలమైన కారణం, మరణం విషం వల్లే జరగడం, ఆ విషం నిందితుడి దగ్గర ఉండటం, దాన్ని ఇచ్చే అవకాశం. కెమిస్టు చెప్పగలిగేది రెండోదానిలో కొంత భాగమే. ట్యూల్‌లో మిగతా మూడూ మరీకి వ్యతిరేకంగానే ఉన్నాయి కాబట్టి నేను ఆమెను నిర్దోషి అనను. కానీ ఓర్ఫిలా కోర్టులోకి రాగానే జనం మిగతావన్నీ మర్చిపోయారు. ఆయన చెప్పాడు, అయిపోయింది అన్నారు. ఇప్పటికీ కోర్టుల్లో రిపోర్టు వచ్చిందంటే అదే పరిస్థితి.

మెడికో_గుంటూరు
కుక్కల సంగతి ఎవరూ ఎత్తలేదు. విషం ఇచ్చి, వాంతి కాకుండా అన్నవాహికను దారంతో కట్టేసేవాడు. అలా వేలల్లో కుక్కలు. కట్టడం వల్లే చచ్చిపోయి ఉండొచ్చు కదా అని ఆ రోజుల్లోనే వైద్యులు అడిగారు. చదువుతుంటే కడుపులో తిప్పింది.

అదే మనిషి 1818లో మామూలు జనం కోసం చిన్న పుస్తకం రాశాడు. విషం తిన్నవాళ్ళకు, ఊపిరాడనివాళ్ళకు వెంటనే ఏం చేయాలో అందులో ఉంది. రసకర్పూరం అనే పాదరసపు విషం మింగినవాళ్ళకు గుడ్డు తెల్లసొన ఇవ్వమన్నది ఆయనే. నేను క్యాజువాలిటీలో డ్యూటీ చేస్తాను. వారంలో ఎన్నిసార్లు పురుగులమందు కేసులు వస్తాయో చెప్పలేను. గడ్డిమందు తాగిన పిల్లవాడిని తీసుకొస్తే విరుగుడు లేదని తల్లికి చెప్పాల్సి వస్తుంది. అప్పుడు ఓర్ఫిలా గ్రంథం కంటే ఆ చిన్న పుస్తకమే పెద్దదనిపిస్తుంది. దయచేసి ఒక మాట: ఎవరైనా పురుగులమందు తాగితే ఇంట్లో ఉప్పునీళ్ళు, పేడనీళ్ళు పట్టకండి. డబ్బా చేతిలో పట్టుకుని వెంటనే ఆస్పత్రికి రండి.

మోంపెలియే_నుంచి
ఫ్రాన్స్‌లో చదువుకుంటున్నాను. ఇక్కడి విషయం ఒకటి. ఓర్ఫిలా డీన్‌గా ఉండగా పారిస్‌లో పెట్టిన అనాటమీ మ్యూజియం తర్వాత చాలా పెద్దదైంది. కొన్నేళ్ళ కిందట అక్కడ మూతపడితే ఆ సేకరణ అంతా మా మోంపెలియే వైద్య కళాశాలకు వచ్చింది. మరీ లఫార్జ్‌ను ఖైదు చేసింది కూడా ఈ ఊళ్ళోనే! జబ్బుపడ్డాక 1852లో విడుదల చేశారు, ఆ ఏడే చనిపోయింది. చివరిదాకా తాను చేయలేదనే చెప్పింది. మరుసటేడు మార్చి 12న ఓర్ఫిలా కూడా న్యుమోనియాతో పోయాడు. ఆయన సమాధి మోంపర్నాస్ శ్మశానంలో ఉంది. ఈ చర్చ చదివాక మా ఊరి వీధుల్లో నడుస్తుంటే వేరేగా అనిపించింది.

విసెరా_డెస్క్
సీమబిడ్డ గారూ, మాట ఇచ్చాను కదా.

'కనిపించలేదు' అంటే, ఆ ల్యాబులో ఆ రోజు వెతికిన విషాలు, వాళ్ళ పద్ధతి పట్టుకోగలిగినంత మోతాదులో కనిపించలేదు అని. అంతే. విషం ఇవ్వలేదని దాని అర్థం కాదు. ఇచ్చారనీ కాదు. ఈ రెండో మాట వినడం మీకు కష్టంగా ఉంటుందని తెలుసు, అయినా చెప్పాలి. వాంతులతో చనిపోయే జబ్బులు చాలా ఉన్నాయి.

మీ దగ్గర కాగితాలుంటే నాలుగు సంగతులు చూడండి. ఏయే అవయవాలు పంపారు? ఏ రోజు తీశారు, ఏ రోజు ల్యాబుకు చేరాయి? ఒట్టి ఉప్పునీళ్ళ సీసా పంపారా? ఏ విషాల కోసం వెతికారో రిపోర్టులో రాశారా? ఊరు, పేర్లు కొట్టేసి నాకు మెసేజ్‌లో పంపండి. తేల్చి చెప్పగలనని మాట ఇవ్వలేను. ఆ కాగితం ఏం చెప్తోందో, ఏం చెప్పడం లేదో మాత్రం అమ్మగారికి అర్థమయ్యేలా ఫోన్లో వివరిస్తాను.

సీమబిడ్డ
సార్, ఫైలు అమ్మ బీరువాలో చీరల కింద ఉంది. ఎవరినీ ముట్టుకోనివ్వదు. మీరు రాసింది రాత్రి ఆమెకు చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. తాళంచెవి ఇచ్చింది.